పచ్చకామెర్ల సామెతతో నా తగాదా

ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ జరిగిన మర్నాడు కట్టు విప్పగానే ఎదురుగా ఉన్న గోడ నీలంగా కనిపించింది. ముదురు నీలమేమీ కాదు, తెల్లబట్టకు నీలిమందు ఒక చుక్క ఎక్కువైతే వచ్చే రంగు. ఇంకా ఆపరేషన్ కాని కుడి కంటితో అదే గోడను చూశాను. పాత పుస్తకంలోని కాగితంలా పసుపు తిరిగి ఉంది. ఒక కన్ను మూసి మరొకటి తెరుస్తూ, మళ్ళీ అది మూసి ఇది తెరుస్తూ, చిన్నపిల్లవాడిలా కాసేపు అదే పనిగా చూశాను. ఒకే గోడ, రెండు రంగులు.

"ఈ గోడ రంగేమిటండీ?" అని డాక్టరుగారిని అడిగాను.

"తెలుపే. వయసుతో పాటు మీ పాత కటకం పసుపెక్కింది. నీలం వెలుగును చాలావరకు అడ్డుకుంది. ఇప్పుడు దాన్ని తీసేశాం కాబట్టి నీలం కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. కెమెరాకు మసకబారిన లెన్సు తీసి కొత్తది బిగించినట్టే అనుకోండి," అన్నారాయన.

ఆయన చేతిపని మీద నాకు ఎంత గౌరవమో ఆ ఉపమానం మీద అంత అసంతృప్తి. కెమెరా ముందు పసుపు గాజు పెట్టి పదేళ్ళు ఫొటోలు తీస్తే పదేళ్ళ ఫొటోలూ పసుపుగానే వస్తాయి. నాకు ఆ పదేళ్ళలో ఒక్కరోజు కూడా లోకం పసుపుగా కనిపించలేదు. కాగితం తెల్లగానే ఉంది, మబ్బులూ తెల్లగానే ఉన్నాయి. కొత్త కటకం పెట్టిన ఎడమ కన్ను పక్కన లేకపోతే కుడి కన్ను ఇన్నాళ్ళూ ఏం చేస్తోందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ కాలపు ఫోన్లు తెలుపును వాటంతట అవే సరిచేస్తాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. సరిచేసేది లెన్సు కాదు కదా, వెనక నడిచే లెక్క. నేను చెప్పబోయేదీ ఆ లెక్క గురించే.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మనుషుల స్వభావం గురించి అది నిజం కావచ్చు, కంటి గురించి మాత్రం శుద్ధ తప్పు. కామెర్లలో మనకు పసుపెక్కి కనిపించేది కంటి తెల్లగుడ్డు. వెలుగు లోపలికి వెళ్ళే దారి అది కాదు. ఆ దారిలో ఉన్న కటకమే నిజంగా పసుపెక్కినవాళ్ళం మేము, శుక్లాలవాళ్ళం. మాకు లోకం పచ్చగా కనిపించదు. (పచ్చ అంటే పసుపూ ఆకుపచ్చా రెండూ అయిన భాషలో రంగుల తగాదా పెట్టుకోవడం నాదే పొరపాటు అనుకోండి.)

కన్ను కెమెరా అనే మాట ఊరికే పుట్టలేదు. కంటిలోంచి కిరణాలు బయలుదేరి వస్తువులను తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటి పాతకాలపు గ్రీకు పండితులు నమ్మారు. మన నైయాయికులు, అంటే తర్కశాస్త్రం నడిపినవారు కూడా కన్ను తైజసమని, అంటే అగ్నితత్వంతో అయినదని, దాని కిరణం వస్తువు దాకా వెళ్తుందని వాదించారు. వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని పదకొండో శతాబ్దం మొదట్లో అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ గట్టిగా నిలబెట్టారు. గ్రహాల దారులు లెక్కగట్టిన యోహానెస్ కెప్లర్ 1604లో ఆ వెలుగును వెంబడించి కంటి వెనక తెర దాకా, అంటే రెటీనా దాకా వెళ్ళి, దృశ్యం అక్కడ తలకిందులుగా పడుతుందని తేల్చారు. ఆ బొమ్మ మనసుకు ఎలా చేరుతుందన్న ప్రశ్నను తత్వవేత్తలకు వదిలేసి అక్కడితో ఆగారు. ఆయన నిజాయితీగా ఆగిన చోట మనం ఆగలేదు. బొమ్మ పడింది కాబట్టి చూడటం అయిపోయిందనుకున్నాము. మరి ఆ బొమ్మను చూసేదెవరు? తలలో ఒక చిన్న మనిషి కూర్చుని చూస్తున్నాడంటే ఆ చిన్న మనిషి తలలో ఎవరు కూర్చున్నట్టు?

తలకిందుల బొమ్మను మెదడు తిరగేస్తుందని బడిలో చెప్పిన మాట కూడా ఈ తికమకలోంచి వచ్చిందే. మెదడులో బొమ్మ తగిలించే గోడ లేదు, తిరగేయడానికీ ఏమీ లేదు. పైన, కింద అన్నవి కంటికీ చేతికీ మధ్య కుదిరిన ఒప్పందాలు. జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1890లలో ఒక కంటికి గంతలు కట్టుకుని, రెండో కంటికి లోకాన్ని తిరగేసి చూపే కటకాలు తగిలించుకుని ఎనిమిది రోజులు గడిపారు. మొదట్లో ఏ వస్తువును అందుకోబోయినా చెయ్యి తప్పు వైపే వెళ్ళింది. రోజులు గడిచేకొద్దీ పనులు చేతికి వచ్చాయి. చివరికి కటకాలు తీసేసినప్పుడు మామూలు లోకమే కాసేపు వింతగా తోచింది.

రెటీనా లోపలి అమరిక చూస్తే కన్ను కెమెరా అన్నవాళ్ళే దాన్ని అంగడివాడి మొహాన కొట్టి డబ్బు వెనక్కి అడుగుతారు. వెలుగును పట్టే కణాలు ఆ తెరలో వెనక పొరలో, వచ్చే వెలుగుకు వీపు పెట్టి ఉంటాయి. వాటి ముందు నాడీకణాల పొరలు, వాటి తీగలు, రక్తనాళాలు. వెలుగు వీటన్నిటినీ దాటుకుని రావాలి. ఆక్టోపస్ కంటిలో ఈ అమరిక మనకన్నా తిన్నగా ఉంటుంది. పైగా మన కణాలు చీకటిలో ఉన్నంతసేపూ తమ రసాయనాన్ని వదులుతూ గొణుగుతూనే ఉంటాయి, వెలుగు తగిలినప్పుడు ఆ గొణుగుడు తగ్గిస్తాయి. మనం చూసే ప్రతి మెరుపూ మొదట ఒక మౌనమన్నమాట. ఈ సంగతి చదివిన రోజు చాలాసేపు మరో పని చేయబుద్ధి కాలేదు నాకు.

ఒక్కో కంటిలో మసక వెలుగుకు పనికివచ్చే దండకణాలు దాదాపు 10 కోట్లు, రంగులూ వివరాలూ పట్టే శంకుకణాలు ఓ 60 లక్షలు. అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరంలో పోగులు 10 లక్షలకు కాస్త అటూ ఇటూ. అంత వార్త ఇంత దారిలో పట్టదు కాబట్టి కంటిలోనే సారాంశం రాసి పంపుతారు. ఏది పక్కదాని కన్నా వెలుగ్గా ఉంది, ఎక్కడ అంచు వచ్చింది, ఏది కదిలింది, ప్రధానంగా ఇంతే. మెదడు పరిశోధకులు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ 1958లో పిల్లి మెదడులోని చూపు భాగంలో ఒక కణాన్ని పలికించాలని గాజు పలకల మీద చుక్కలు చూపించి చూపించి విసిగిపోయారు. పలకను మారుస్తున్నప్పుడు దాని అంచు నీడ ఒక వాలులో కదిలేసరికి కణం టపటపమని మోగింది. చుక్కలంటే దానికి లక్ష్యమే లేదు, ఆ వాలులో ఉన్న గీత కావాలి దానికి. ఆ దారిలో వెళ్ళినందుకే వాళ్ళిద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది. గీతలకు వేరు, రంగుకు వేరు, కదలికకు వేరు చోట్లు మెదడులో ఉన్నాయని తరువాత తెలిసింది. మెదడు దెబ్బతిన్న ఒక జర్మన్ మహిళకు అన్నీ కనిపించేవి, కదలిక తప్ప. ఆమె గురించి 1983లో వైద్యులు రాశారు. పాత్రలోకి పోస్తున్న టీ ఆమెకు గడ్డకట్టిన ధారలా నిలిచి కనిపించేది. కెమెరాకు రాగల జబ్బు కాదు ఇది.

చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. మీ చూపులో నిజంగా పదునుగా ఉన్న మేర దాదాపు అంతే. కళ్ళు కదపకుండా ఈ వాక్యంలో నాలుగు మాటల అవతల ఏముందో చదవడానికి ప్రయత్నిస్తే తెలుస్తుంది. అయినా ఎదుట ఉన్నదంతా స్పష్టంగా ఉన్నట్టే ఉంటుంది. ఎక్కడ సందేహం వస్తే అక్కడికి కన్ను గెంతుతుంది, గెంతిన చోటల్లా స్పష్టంగానే దొరుకుతుంది. పిలిచినప్పుడల్లా పలికే పనివాడు ఎప్పుడూ గుమ్మం పక్కనే నిలబడి ఉంటాడని అనుకోవడం లాంటిది ఇది. చూపు పదునుగా ఉన్న ఆ నడిమి చోట దండకణాలు లేవు. అందుకే మసక నక్షత్రం సూటిగా చూస్తే మాయమై, కాస్త పక్కకు చూస్తే కనిపిస్తుంది.

ఇక అంధచుక్క. నరం కంటిలోంచి బయటపడే చోట వెలుగును పట్టే కణాలే ఉండవు. ఫ్రాన్స్‌లో ఎద్మే మారియోట్ అనే శాస్త్రవేత్త 1660లలో దీన్ని బయటపెట్టారు. అంతకు ముందు ఎన్ని వేల తరాలు ఆ చిల్లులతోనే చూసి, చూశామనుకుని వెళ్ళిపోయాయో. దీన్ని ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. ఎడమ కన్ను మూయండి. రెండు చేతులూ ముందుకు చాపి బొటనవేళ్ళను నిలువుగా పక్కపక్కన పెట్టండి. కుడి కంటి చూపు ఎడమ బొటనవేలి గోరు మీదనే ఉండాలి. ఇప్పుడు కుడి వేలిని మెల్లగా కుడివైపుకు జరపండి. జానెడుకు కాస్త తక్కువ దూరంలో ఆ వేలి కొస మాయమవుతుంది, ఇంకా జరిపితే తిరిగి వస్తుంది. నిండు చందమామలను వరుసగా పది పేర్చినా పట్టేంత వెడల్పు ఆ చిల్లు.

వేలు మాయమైనందుకు నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. వేలు ఉండవలసిన చోట గోడ ఉండటమే ఆశ్చర్యం. నల్లటి రంధ్రం లేదు, మసక లేదు, శుభ్రమైన గోడ. దాన్ని పూసిందెవరు? దీని మీద శాస్త్రవేత్తల్లోనే రెండు పక్షాలున్నాయి. చుట్టుపక్కల రంగుతో మెదడు ఆ చోటును నింపుతుందని ఒక పక్షం. నింపవలసిన అవసరమే లేదు, ఖాళీ ఉందని ఫిర్యాదు చేసే కణం అక్కడ లేదు కాబట్టి ఖాళీ తెలియదంతే అని మరో పక్షం. నాకు రెండో మాటే నచ్చుతుంది గానీ, మధ్యలో తెగిన గీతను ఆ తెగిన చోటు సరిగ్గా అంధచుక్క మీద పడేలా పెడితే గీత అతుక్కున్నట్టు కనిపిస్తుంది. అది మొదటి పక్షానికే బలం. నచ్చినంత మాత్రాన ఒప్పు కాదు మరి.

అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటిని, వెంటనే కుడి కంటిని చూసుకోండి. మీ కళ్ళు కదలడం మీకు కనిపించదు, పక్కన నిలబడినవారికి చక్కగా కనిపిస్తుంది. కళ్ళు సెకనుకు ఇంచుమించు 3 సార్లు గెంతుతాయి. గెంతే క్షణంలో మెదడు చూపును అణచిపెడుతుంది, లేకపోతే లోకం అలికేసినట్టు కనిపించేది. గడియారం వైపు చటుక్కున తల తిప్పినప్పుడు సెకన్ల ముల్లు మొదట కాసేపు ఆగినట్టు అనిపించడం మీకూ అనుభవమే అయ్యుంటుంది. గెంతు మధ్యలోని ఖాళీని తరువాత కనిపించిన దృశ్యంతో వెనక్కి పూడ్చడం వల్ల వచ్చే తేడా అది. దస్తావేజుకు పాత తేదీ వేయడమంటే ఇదే.

మరి కన్ను కదలకుండా ఉంటే మరింత బాగా చూస్తామా? 1950లలో పరిశోధకులు కంటికి అంటిపెట్టుకునే కటకాలు, చిన్న అద్దాలు వాడి, కన్ను ఎటు కదిలితే బొమ్మ కూడా అటే కదిలేలా చేశారు. రెటీనా మీద బొమ్మ ఒకేచోట నిలిచిపోయింది. కొన్ని సెకన్లలో అది వెలిసిపోయి మాయమైంది. మారనిదాన్ని చూపు వార్తగా లెక్కించదు. రెటీనా ముందున్న రక్తనాళాల నీడలు మనకు కనిపించకపోవడానికి కారణం ఇదే, కన్ను ఎటు తిరిగితే అవీ అటే తిరుగుతాయి. నా పసుపు కటకం సంగతీ ఆ తరహాదే అని నా ఊహ. ఎటు చూసినా, ఎప్పుడు చూసినా వెంట వచ్చే పసుపు లోకానిది అయ్యే అవకాశం తక్కువ, చూసేవాడిది అయ్యే అవకాశమే ఎక్కువ. మెదడు దాన్ని ఖర్చు రాసేసింది.

ఎండలో పుస్తకం తెరిస్తే అందులోని నల్ల అక్షరం నుంచి కంటికి చేరే వెలుగు, రాత్రి గదిలో దీపం కింద తెల్ల కాగితం నుంచి చేరే వెలుగు కన్నా ఎక్కువ. అయినా ఎండలో అక్షరం నల్లగానే ఉంటుంది, గదిలో కాగితం తెల్లగానే ఉంటుంది. ఎంత వెలుగు వచ్చిందన్నది మనకు అక్కరలేదు. ఆ వస్తువు ఎలాంటిదో కావాలి. 1995లో అమెరికాలోని విశ్వవిద్యాలయం ఎమ్‌ఐటీకి చెందిన ఎడ్వర్డ్ ఆడెల్సన్ తయారు చేసిన బొమ్మ చాలామంది చూసే ఉంటారు. చదరంగం గళ్ళ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. నీడలో ఉన్న తెల్ల గడి, నీడ బయట ఉన్న నల్ల గడి అచ్చులో ఒకే బూడిద రంగు. రెండిటినీ కలుపుతూ అదే రంగు పట్టీ గీస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. దీన్ని కంటి మోసాల జాబితాలో వేసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నీడ వాటా తీసేసి గడి అసలు రంగు చెప్పడం కన్నా చూపు చేయవలసిన మంచి పని ఏముంది? 2015లో ఒక దుస్తు ఫొటో లోకమంతా తిరిగి ఇళ్ళలో తగాదాలు పెట్టింది. కొందరికి నీలం, నలుపు. కొందరికి తెలుపు, బంగారు రంగు. దాని మీద ఎలాంటి వెలుగు పడుతోందో చెప్పే ఆధారం ఫొటోలో చాలక, ఒక్కొక్కరి మెదడు ఒక్కో వెలుగును ఊహించుకుని ఆ వాటా తీసేసింది. దుస్తు నిజానికి నీలం, నలుపే. నాకు తెలుపుగా కనిపించిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ రెండు రకాల మనుషులతో నాకు పేచీ ఉంది.

మొదటివారు "ప్రత్యక్షానికి ప్రమాణమెందుకు, నా కళ్ళతో నేను చూశాను" అనేవారు. తర్కశాస్త్రంలో ప్రత్యక్షం వేరు, అనుమానం వేరు. పొగను చూడటం ప్రత్యక్షం, కొండ మీద నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానం. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ చూపు గురించి చెప్పింది ఈ గోడను పడగొడుతుంది. చూడటమే మనకు తెలియకుండా జరిగే అనుమానం అన్నారాయన. పొగను పొగగా చూడటానికే మెదడు లోలోపల ఒక తర్కం నడుపుతుంది. నేటి తెలుగులో అనుమానానికి శంక అనే అర్థం కూడా వచ్చి చేరింది కాబట్టి చూపుకు ఆ మాట రెండు విధాలా సరిపోతుంది. కంటి నరం మెదడులో మొదట ఆగే మజిలీ మెదడు లోపలి భాగమైన థాలమస్‌లో ఉంది. అక్కడ కలిసే సంబంధాల్లో కంటి నుంచి నేరుగా వచ్చేవి పదో వంతు పాటివే, మిగతావాటిలో పెద్ద వాటా మెదడు పైపొర నుంచి కిందికి దిగేవి. కన్ను వార్త తెచ్చేసరికే మెదడు దగ్గర ఒక చిత్తుప్రతి సిద్ధంగా ఉంటుందని, వార్తతో దాన్ని దిద్దుకుంటుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

రెండోవారు ఇదంతా విని "చూశారా, అంతా భ్రమే, మెదడు కల్పించినదే లోకం" అని సంతోషించేవారు. వీళ్ళతో పేచీ ఇంకా ఎక్కువ. చీకట్లో తాడును పామనుకోవడం భ్రాంతికి పాత ఉదాహరణ. నాకు పాము కనిపించిన క్షణం కన్నా, దీపం తెచ్చాక తాడు కనిపించిన క్షణం మీదే ఎక్కువ ఆసక్తి. అప్పుడు జరిగినదీ ఊహే. అదే కన్ను, అవే అంచులూ నీడలూ, అదే పాత అనుభవాల మూట. పామును చూసినప్పుడు మెదడు ఊహించింది, తాడును చూసినప్పుడు ఉన్నదున్నట్టు చూసింది అనడం పక్షపాతం. తేడా అల్లా, దీపం వచ్చాక ఒక ఊహ నిలిచింది, ఒకటి నిలవలేదు. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల చెప్పే సమాధానం ఒళ్ళంతా తెలుస్తుంది. లోకం మెదడు కల్పన అయితే ఆ దెబ్బ ఎవరు కొట్టినట్టు?

ఈ ఊహలన్నీ పెరిగే కొద్దీ నేర్చుకున్నవే అని రాసి ముగించాలని ఉంది గానీ, కుదరదు. పుట్టుగుడ్డివాడు తడిమి తెలుసుకున్న గోళాన్నీ ఘనాన్నీ, చూపు వచ్చాక కంటితోనే వెంటనే గుర్తుపట్టగలడా అని విలియం మాలినూ 1688లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాశారు. ఎమ్‌ఐటీకి చెందిన పవన్ సిన్హా భారతదేశంలో నడిపే ప్రకాశ్ ప్రాజెక్టులో, పుట్టుకతో చూపు లేని పిల్లలకు ఆపరేషన్‌తో చూపు వచ్చాక ఈ ప్రశ్నను నిజంగా అడిగి చూశారు. 2011లో వెలువడిన ఫలితం: అయిదుగురూ మొదట గుర్తుపట్టలేకపోయారు, కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారు. నా వాదానికి ఇది బాగా పనికివస్తుంది. అయితే అదే బృందం 2015లో మరో సంగతి చెప్పింది. కొత్తగా చూపు వచ్చిన పిల్లలకు బాణపు కొనల మధ్య సమానమైన గీతలు, దూరంగా పోయే రైలు పట్టాల బొమ్మ మీద సమానమైన గీతలు వెంటనే చిన్నాపెద్దా అయి కనిపించాయి, మనకు కనిపించినట్టే. అనుభవం లేని కళ్ళూ అవే పొరపాట్లు చేస్తున్నాయంటే కొన్ని ఊహలు మెదడు అమరికలోనే ఉన్నట్టు. ఏవి పుట్టుకతో వచ్చినవి, ఏవి నేర్చినవి అన్న లెక్క అంత తేలికగా తేలేది కాదు.

మూడు వారాలకు నా ఎడమ కంటి గోడలోని నీలం పోయింది. గోడకు ఎవరూ సున్నం వేయలేదు, కొత్త కటకమూ మారలేదు. ఒక్క కన్నే తెరిచి చూస్తే ఇప్పటికీ తేడా తెలుస్తుంది: ఎడమది కాస్త చల్లని తెలుపు, కుడిది పాత కాగితం. రెండూ తెరిస్తే మాత్రం ఒకే తెలుపు, ఈ కంటిదీ కాదు, ఆ కంటిదీ కాదు. వచ్చే నెల కుడి కంటికి కూడా ఆపరేషన్. ఆ తరువాత పోల్చి చూసుకోవడానికి పసుపు కన్ను ఉండదు. అందుకని ఈ మధ్య రోజూ పొద్దున్నే ఆ గోడ ముందు నిలబడి ఒక కన్ను మూసి మరొకటి తెరుస్తున్నాను. ఇంట్లోవాళ్ళు కంట్లో నలుసు పడిందా అని అడుగుతున్నారు.